నాట్యమాడ సిగ్గుపడిన గాయకుడు

1976వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీ రాత్రి లండను నగరములోని పలేడియం అను నాటకశాలలో ఒక అమెరికా గాయకుడు పాడుచుండగా ఆ కచేరీని టేపులపైకి ఎక్కించిరి. మరుసటి సంవత్సరము మార్చి నెలలో అది రెండు రికార్డుల ఆల్బముగా వెలువడి, అమెరికా అమ్మకముల పట్టికలో 3వ స్థానము వరకు పోయినది. నల్లజాతి సంగీతమునకు ప్రత్యేకముగా వేయు పట్టికలో అదియే మొదటిది. ఆ గాయకుని పేరు మార్విన్ గే. అతనికి సభ యనిన భయము. టిక్కెట్లు అమ్ముడుపోయిన కచేరీలను కడపటి గడియలో మానుకొనుట అతనికి క్రొత్త కాదు. అట్టివాడు సభలో పాడిన పాటలను జనులు ఎగబడి కొనుట ఒక వింత. ఆ ఆల్బము నాలుగవ ముఖమున చేర్చిన నాట్యగీతము వలన అమ్మకము ఇనుమడించుట రెండవ వింత. ఏలయన, ఆనాడు లోకమును ఊపుచున్న డిస్కో నాట్యమునెడల అతనికి గౌరవమే లేదు.

సోల్, ఫంక్, డిస్కో అను మాటలు మన వైపు బడులలో వినిపించునవి కావు గనుక వాటిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. అమెరికా నల్లజాతివారి ప్రార్థనామందిరములలో భక్తులు ఆవేశముతో పాడుకొను బాణీలను లౌకికమైన ప్రేమపాటలకు, సంసారపు వెతలకు తొడిగినప్పుడు పుట్టినది సోల్. మన పల్లెలలో రామభజన వరుసలో నాట్ల పాట కట్టుకొన్నట్లు అనుకొనవచ్చును. అది 1950 తరువాతి దశకములో రూపు దాల్చినది. 1960 తరువాతి సంవత్సరములలో జేమ్స్ బ్రౌన్ అను గాయకుడు తాళములోని మొదటి దెబ్బకు బలమిచ్చి, గిటారు మొదలుకొని గొంతు వరకు అన్నింటిని డోలువలె వాడుకొనెను. అది ఫంక్. దీపావళి దినములలో ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతముల గోండుల గుస్సాడీని చూచినవారికిని, కరీంనగరు పల్లెలలో ఒగ్గుడోలు విన్నవారికిని ఈ సంగతి విస్తరించి చెప్పనక్కరలేదు. ఇక డిస్కో యనునది నగరముల నృత్యశాలలలో ఎడతెగక ఆడుటకై కట్టిన సంగీతము. నాలుగు దెబ్బలకు నాలుగును సమానముగా పడును. నిమిషమునకు సుమారు 120 దెబ్బలు. ఆ మాట 1982లో వచ్చిన డిస్కో డాన్సర్ అను హిందీ చిత్రముతో మన టాకీసులకును చేరినది.

మార్విన్ 1939వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన వాషింగ్టను నగరములో జన్మించెను. తండ్రి పేరును మార్విన్ గే. ఆయన హౌస్ ఆఫ్ గాడ్ అను చిన్న క్రైస్తవశాఖలో బోధకుడు. ఆ శాఖవారు యూదులవలె శనివారమును విశ్రాంతిదినముగా పాటింతురు. తల్లి అల్బర్టా ఇతరుల ఇండ్లలో పనిచేసి కుటుంబమును పోషించెడిది. తండ్రి కఠినుడు. చిన్న తప్పులకే బిడ్డలను, అందును పెద్దకుమారుడైన మార్విన్‌ను దారుణముగా కొట్టెడివాడు. కొట్టుటకంటె కొట్టునేమో యని ఎదురుచూచుటయే ఆ పిల్లవానికి పెద్ద శిక్షగా ఉండెడిది. అయినను ప్రార్థనలో నాలుగేండ్ల ఆ బాలుడు పాడుచుండగా పియానో వాయించినవాడును ఆ తండ్రియే. ఇంటిలో లేచిన చేయి మందిరములో స్వరము పలికించినది. కుమారుని గొంతునకు సభలో మెప్పు వచ్చినకొలది తండ్రి ముఖము మాడిపోయెడిదట. బెత్తము లేనిదే విద్య రాదని నమ్మెడి ఉపాధ్యాయులు ఇప్పటికిని మనలో లేకపోలేదు. ఈ బాలునికి పాట వచ్చినది ప్రార్థనామందిరమున. బెత్తము వలన వచ్చినది భయము మాత్రమే. ఆ భయము అతనిని కడవరకు విడువలేదు.

ఇంటినుండి పారిపోవలెనని పదునేడవయేట, 1956లో, చదువు మాని వైమానిక దళమున చేరెను. అచ్చటను ఆజ్ఞాపించువారే. మరుసటి యేడు క్రమశిక్షణకు లొంగడని అతనిని పంపివేసిరి. తరువాత కొన్నినాళ్ళు వాషింగ్టనులో స్నేహితులతో కూడి పాడెను. హార్వీ ఫుక్వా అను పెద్ద గాయకుడు ఇతని గొంతు విని తన మూన్‌గ్లోస్ బృందమున చేర్చుకొని, 1960లో డిట్రాయిట్ నగరమునకు తోడ్కొనిపోయెను.

డిట్రాయిట్ మోటారుకార్ల నగరము. దక్షిణపు ప్రత్తిచేలను వదలి వచ్చిన నల్లజాతి కుటుంబములు అచ్చటి కర్మాగారములలో బ్రతుకుదెరువు వెదకుకొన్నవి. ఊరు వదలి వచ్చి బెల్లంపల్లిలో, మందమర్రిలో, గోదావరిఖనిలో సైరను కూతకు లేచి గనిలోనికి దిగిన కుటుంబముల కథ తెలిసినవారు ఆ నగరమును సులభముగా ఊహింపగలరు. బెర్రీ గోర్డీ అను యువకుడు లింకన్-మెర్క్యురీ కార్ల కర్మాగారములో కొంతకాలము పనిచేసినవాడు. వట్టి ఇనుపచట్రము ఒక ప్రక్క బయలుదేరి, చేతులు మారుచు, మరియొక ప్రక్కనుండి నిగనిగలాడు కారుగా వెలుపలికి వచ్చుట అతడు చూచెను. పాటను మాత్రము అట్లేల తయారు చేయరాదు? 1959లో ఇంటివారి పొదుపునుండి 800 డాలర్లు అప్పు తెచ్చి రికార్డుల సంస్థ పెట్టెను. అదియే మోటౌన్. రచయిత లొకచోట, వాద్యకారులు మరియొకచోట. తయారైన పాట విడుదలకు తగునా తగదా యని వారమువారము కూర్చుండి ఓట్లు వేసెడివారు. గాయకులకు నడక, కూర్చుండు తీరు, మాటతీరు నేర్పుటకు ఒక ఉపాధ్యాయిని కూడ కలదు. ఆమె మార్విన్‌లో ఎత్తిచూపిన దోషము, కన్నులు మూసికొని పాడుట. జనులను చూడ భయపడువాడు కన్నులు మూసికొనక ఏమిచేయును?

అతడు ఆ సంస్థలో మొదట డ్రమ్ములు వాయించెను. 1961లో ఆ సంస్థకు దేశమంతటను మొట్టమొదటి స్థానము సంపాదించి పెట్టిన ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్ అను పాటలో డ్రమ్ములు అతనివే. అతని కోరిక మాత్రము వేరు. నాట్ కింగ్ కోల్ వలె సూటు ధరించి, ఎత్తైన ఆసనముపై కూర్చుండి, మెల్లగా, మృదువుగా పాడవలెనని ఆశ. అట్టి పాటలతో అదే యేడు వెలువడిన తొలి ఆల్బము అమ్ముడుపోలేదు. కుర్రకారు గంతులు వేయు పాటలు పాడుమని సంస్థ కోరినది. 1962లో పాడెను, పేరు వచ్చెను. తాను పాడగోరిన పాట వేరు, తనచేత పాడించెడి పాట వేరు అను ఈ పేచీ అప్పుడు మొదలై ఇరువది యేండ్లు నడచినది. 1963లో గోర్డీ సోదరి అన్నాను వివాహమాడెను. ఆమె అతనికంటె పదునేడేండ్లు పెద్దది. దానితో యజమాని బావమరది కూడ అయ్యెను.

1967లో టామీ టెరెల్ అను చిన్నదానితో కలిసి అతడు పాడిన యుగళగీతములు ఇంటింట మ్రోగినవి. ఆ యేటి అక్టోబరులో వర్జీనియాలోని ఒక కళాశాలలో పాడుచు పాడుచు ఆమె వేదికపైననే అతని చేతులలోనికి వాలిపోయెను. మెదడులో గడ్డ. పెక్కు శస్త్రచికిత్సలు జరిగినను ప్రయోజనము లేకపోయెను. 1970 మార్చి 16వ తేదీన ఇరువదినాలుగేండ్ల వయసులో ఆమె కన్నుమూసినది. అతడు వేదిక వదలెను. గడ్డము పెంచెను. ఆ దుఃఖములో ఫుట్‌బాలు ఆటగాడు కావలెనని డిట్రాయిట్ లయన్స్ జట్టు చుట్టు తిరిగినాడన్న, మనిషి ఎంత దారితప్పియుండెనో తెలియును.

ఆ మరుసటి యేడు వచ్చిన వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బమును గూర్చి ఎందరో వ్రాసియున్నారు గనుక ఇచట విస్తరింపను. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాము యుద్ధమునుండి తెచ్చిన కథలు, వీధులలో పోలీసుల లాఠీలు, పాడగుచున్న గాలి, నీరు దానికి వస్తువులు. అది అమ్ముడుపోదని గోర్డీ పట్టుబట్టెను. విడుదల చేయనిచో మరియొక పాట పాడనని మార్విన్ పట్టుబట్టెను. 1971లో వెలువడి సంస్థ ఎరుగని గౌరవమును తెచ్చినది. అతని జీవితములో ఎవరి మాటయు వినక తన మాట నెగ్గించుకొన్న సందర్భ మదొక్కటే యని నా యభిప్రాయము.

1976 నాటికి పరిస్థితి తారుమారైనది. అన్నా విడాకులకు దావా వేసి యొక యేడైనది. అతడు అప్పటికే జానిస్ హంటర్ అను యువతితో కాపురమున్నాడు, ఇద్దరు బిడ్డలు. రాబడి పెద్దదే గాని పోకడ అంతకు మించినది. మత్తుపదార్థముల వ్యసనము ముదిరినది. వేదిక యనిన వణకు మనిషి ఆ శరత్తున ఐరోపాకు కచేరీలకై బయలుదేరుటకు ధనావసరమే ముఖ్యకారణము. లండనులో ప్రేక్షకులు అతనిని నెత్తిన పెట్టుకొనిరి. ఆ రికార్డు ఇప్పుడు విన్నను, అతడు పాట ఎత్తుకొనకముందే లేచిన కేకలు చెవులు హోరెత్తించును. పాత పాటలను ఒకదాని వెంట నొకటి దండగ్రుచ్చి పాడెను. టామీతో పాడిన యుగళగీతములను ఫ్లారెన్స్ లైల్స్ అను గాయని సాయముతో పాడెను. విమర్శకులలో కొందరు దీనిని పాతసరుకనిరి. దాచనేల, మూడు ముఖములలో కొంత భాగము నాకును అట్లే తోచును. గొంతు మాత్రము దాపరికము లేనిది. అలసట కూడ వినబడును.

మూడు ముఖములు నిండినవి. నాలుగవది ఖాళీ. లోకమంతయు డిస్కోమయమై యుండగా మార్విన్ ఒక్కడు దానిని తాకకుండుట సంస్థకు నచ్చలేదు. ఆ యేడే జానీ టేలర్ పాడిన డిస్కో లేడీ పది లక్షలు కాదు, ఇరువది లక్షల ప్రతులు అమ్ముడుపోయి అందరి కన్నులు తెరిపించినది. అట్టిది ఒకటి కావలెనని ఒత్తిడి వచ్చెను. మార్విన్ దృష్టిలో డిస్కో సారము లేని సంగీతము. కాని ఒప్పుకొనెను, ఒప్పుకొని, దానిని వెక్కిరించు పాటను కట్టెను.

లాస్ ఏంజెల్సులోని తన సొంత స్టూడియోలో 1976 డిసెంబరు, 1977 జనవరి నెలలలో ఆ పాట తయారైనది. ఆర్ట్ స్టివర్ట్ అను శబ్దనిపుణుడు ప్రక్కనుండి నడిపించెను. వాద్యబృందములు, వయొలిన్ల వరుసలు లేవు. మార్విన్ కీబోర్డు వాయించెను. పళ్ళరసము సగము మిగిలిన సీసాను కొట్టి తాళము చేర్చెను. తమ్ముడు ఫ్రాంకీ, జానిస్ వంతపాడిరి. విందులో జనులు మాటలాడుకొనుచున్న సద్దును వేరుగ చేర్చిరి. అందుచేత రికార్డు మొదలు కాగానే తలుపు తీసికొని ఎవరి యింటికో పోయినట్లుండును. గాయకుడు తన సహజమైన గొంతును వదలి, సన్నని పైస్థాయిలో, భయపడుచున్నట్లు పాడును. కథ యేమనగా, ఒక బిడియస్థుడు విందునకు పోవును. ఆడుట రాదు. గోడకు ఆనుకొని నిలుచును. అందరును చూతురేమో యని సంకోచము. చూడగా చూడగా కాలు కదలును. కాలు కదలగా సిగ్గు జారిపోవును. పాట సగమయ్యేసరికి గొంతు క్రిందిస్థాయికి దిగి, మాటలు తగ్గి, తాళమే మిగులును. సుమారు పండ్రెండు నిమిషముల పాట. గాట్ టు గివ్ ఇట్ అప్ అని పేరు పెట్టిరి.

వెక్కిరింతగా మొదలైనది స్వీయచరిత్రగా ముగిసినది. గోడకు ఆనుకొన్న ఆ బిడియస్థుడు ఎవరో చెప్పనక్కరలేదు గదా! దేశమంతటను నృత్యశాలలు ఆ పాటతో నిండినవి. 1977 జూను నెలలో అది అమెరికాలో ప్రథమస్థానము చేరినది. రెండేండ్లకు మైకేల్ జాక్సన్ పాడిన ప్రసిద్ధ నాట్యగీతములలో ఆ సన్నని గొంతు, ఆ సీసాల చప్పుడు, ఆ మాటల సద్దు మరల వినబడినవి.

ఇంత విజయమునకు ఫలమేమి? ఆ మార్చిలోననే విడాకులు మంజూరైనవి. అన్నాకు 6 లక్షల డాలర్లు చెల్లింపవలెను; మార్విన్ చేతిలో సొమ్ము లేదు. అప్పుడు అతని న్యాయవాది ఒక ఉపాయము చెప్పెను. రాబోవు ఆల్బమునకు సంస్థ యిచ్చు బయానాలో 3 లక్షల 5 వేలు, దాని అమ్మకముల రాబడినుండి మిగిలిన 2 లక్షల 95 వేలు ఆమెకు ముట్టవలెను. న్యాయస్థానము సరే యనెను. ఒక భార్యకు భరణము చెల్లించుటకై ఆజ్ఞమీద సంగీతము కట్టిన ఉదంతము మరియొకటి నేనెరుగను. ఎట్లును తనకు దక్కని సొమ్మేగదా, ఏదో ఒకటి గిలికి పారవేయుదమని అతడు మొదట అనుకొనెను. కూర్చున్న తరువాత కాలేదు. పెండ్లి యెట్లు మొదలైనది, ఎట్లు చెడినది, తన తప్పెంత, ఆమె తప్పెంత, ఒక్కొక్క పాటలో విప్పి చెప్పెను. హియర్ మై డియర్ అను ఆ రెండు రికార్డుల ఆల్బము 1978 డిసెంబరులో వచ్చి అమ్మకములలో కుప్పకూలెను. తన కాపురమును వీధిన పెట్టినందుకు అన్నా కోర్టుకెక్కుదునని బెదిరించెను. కాలము గడచినకొలది విమర్శకులు దానిని పైకెత్తిరి. నేను పలేడియం ఆల్బము ప్రక్కన దానిని పెట్టుకొని విందును. నవ్వుచు ఆడిన ముఖము అచట, ఇంటికి వచ్చి దీపమార్పిన ముఖము ఇచట.

జానిస్‌ను 1977 అక్టోబరులో వివాహమాడెను గాని ఆ బంధమును నిలువలేదు. పన్నుల బాకీ కోసము ప్రభుత్వము వెంటబడగా దివాలా ప్రకటించి హవాయికి, అటనుండి లండనుకు పోయెను. 1981లో బెల్జియము దేశమున ఓస్టెండ్ అను సముద్రతీరపు ఊరిలో ఒక మిత్రుడు ఆశ్రయమిచ్చెను. చలిగాలిలో సముద్రపు ఒడ్డున పరుగెత్తుచు, చర్చిలో కూర్చుండుచు కొంత కోలుకొనెను. మోటౌన్‌తో ఇరువది యేండ్ల బంధము తెగినది. 1982లో క్రొత్తసంస్థకు పాడిన పాటతో మరల లోకమంతట మారుమ్రోగి, 1983 ఫిబ్రవరిలో రెండు గ్రామీ బహుమానములు పొందెను. అదే నెలలో బాస్కెట్‌బాల్ ఆటస్థలమున అమెరికా జాతీయగీతమును తనదైన నడకలో పాడగా శ్రోతలు తాళము వేయసాగిరి. జాతీయగీతమునకు తాళము వేయుట అంతకుముందు ఎవరెరుగుదురు?

కచేరీలు ముగిసినవి, వ్యసనము తిరిగి పట్టుకొన్నది. ఎవరో తనను చంపవత్తురని భయపడుచు, లాస్ ఏంజెల్సులో తల్లిదండ్రులకు తాను కొనియిచ్చిన ఇంటికే చేరెను. తండ్రి అదే యింట ఉన్నాడు. రక్షణకని తండ్రికి ఒక పిస్తోలు తెచ్చియిచ్చినవాడును మార్విన్ యే. 1984 ఏప్రిల్ 1వ తేదీ మధ్యాహ్నము, కనబడని యొక భీమా కాగితమును గూర్చి తల్లిపై తండ్రి కేకలు వేయగా మార్విన్ అడ్డుపడెను. నలువదినాలుగేండ్లలో మొదటిసారి తండ్రిపై చేయి చేసికొనెను. తండ్రి గదిలోనికి పోయి ఆ పిస్తోలు తెచ్చి కాల్చెను. మరునాడు మార్విన్ నలువదియైదవ పుట్టినదినము.

న్యాయస్థానము తండ్రికి ఆరేండ్ల శిక్ష విధించి, దానిని అమలు జరుపక నిలిపివేసి, ఐదేండ్లు పర్యవేక్షణలో ఉంచెను. ఆయన 1998లో మరణించెను. మార్విన్ చితాభస్మమును పసిఫిక్ సముద్రమున కలిపిరి.

ఆ నాట్యగీతము మాత్రము మరల ఒకసారి కోర్టుకెక్కినది. 2013లో వచ్చిన బ్లర్డ్ లైన్స్ అను పాట దానికి నకలని మార్విన్ బిడ్డలు వాదించిరి. 2015 మార్చిలో జూరీ వారి పక్షమున సుమారు 74 లక్షల డాలర్ల తీర్పు చెప్పెను. న్యాయమూర్తి దానిని 53 లక్షలకు తగ్గించెను. 2018లో పైకోర్టు ఖాయపరచెను. ఆ విచారణలో ఒక చిత్రము జరిగినది. పాత చట్టము ప్రకారము హక్కు కాగితముపై వ్రాసి దాఖలు చేసిన స్వరములకే గాని రికార్డునకు కాదట. కావున జూరీవారికి అసలు రికార్డును వినిపింపనీయలేదు. డప్పుదెబ్బను, ఒగ్గుకథను చెవులారా విని నేర్చుకొను మన ప్రాంతమువారికి ఈ ధర్మసూక్ష్మము అంతుబట్టుట కష్టము. మార్విన్‌కు స్వరములు కాగితముపై వ్రాయు అలవాటే లేదు. దాఖలైన ప్రతిని ఇతరులు రికార్డు విని వ్రాసిరి. అందులో స్వరములున్నవి, మాటలున్నవి. పళ్ళరసపు సీసా లేదు, ఇరుగుపొరుగు మాటల సద్దు లేదు, గోడకు ఆనుకొని నిలిచిన ఆ బిడియస్థుని సన్నని గొంతు లేదు.